గాంధీబొమ్మ దాటితే నాయన కొట్టు

పోయిన నెల అమ్మకు కళ్లు చూపించడానికి నెల్లూరు వెళ్లాను. పొగతోటలో ఆసుపత్రి. కంట్లో చుక్కలు వేసి గంటన్నర కూర్చోబెట్టారు. బయటికి వచ్చేసరికి అమ్మకు అంతా మసకే. నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. మా అన్న కూతురు ఆటో పిలిచింది. ఆ అబ్బాయి "యాడికమ్మా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పింది: "బట్టల కొట్టు కాడికి పోనీ నాయనా."

"ఏ బట్టల కొట్టమ్మా? ట్రంకు రోడ్డంతా బట్టల కొట్లేనే."

"గాంధీబొమ్మ దాటినాక."

మేనకోడలు నా వైపు చూసింది. ఆ కొట్టు మూసేసి ముప్పై ఏళ్లు దాటింది. ఆ సంగతి అమ్మకు తెలియక కాదు. మసక కళ్లతో రోడ్డు మీదికి వచ్చేసరికి ఆమెకు కనిపించింది పాత రోడ్డే. నేను ఆటో అబ్బాయికి "పోనీ బాబూ" అన్నాను.

నెల్లూరు వాళ్లకు ట్రంకు రోడ్డు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు మూలాపేట ఇంట్లో "రోడ్డు మీదికి పోయొస్తా" అంటే ఏ రోడ్డని ఎవరూ అడిగేవాళ్లు కాదు. మద్రాసు నుంచి కలకత్తా పోయే గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు మా ఊరి నడిబొడ్డు నుంచే పోయేది. తర్వాత ఊరి బయట బైపాస్ పడి లారీలు అటు మళ్లాయి. ఊళ్లో ఉన్న ముక్క మాత్రం ట్రంకు రోడ్డుగానే ఉండిపోయింది.

నాకు ఏడెనిమిదేళ్లున్నప్పుడు ఏదో పెళ్లికి ఒంగోలు వెళ్లాం. అక్కడ ఎవరో "ట్రంకు రోడ్డు కాడ దిగండి" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మా రోడ్డు పేరు వీళ్లు ఎందుకు పెట్టుకున్నారని నాయనను పట్టుకుని ఒకటే గొడవ. నాయన నన్ను ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడి, దక్షిణం వైపు చెయ్యి చూపించాడు. "ఇది మన రోడ్డేనమ్మా. మన కొట్టు ముందు నుంచి వచ్చిందే. కావలిలో గూడా ఇదే. ఇట్టే నడుచుకుంటా పోతే కొట్టు కాడికి పోతాం." దాదాపు 120 కిలోమీటర్లు. ఆ రాత్రి పెళ్లి పందిట్లో పడుకుని, తెల్లారి లేచి నాయనా నేనూ నడుచుకుంటూ ఇంటికి పోతామనే అనుకున్నాను.

నాయన ఒక బట్టల కొట్లో గుమాస్తా. ఇరవై రెండేళ్ల వయసులో చేరాడు, మూసేసిన రోజు వరకూ అక్కడే ఉన్నాడు. కొట్టుకు బోర్డు మీద ఏదో పేరుండేది కానీ ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. మా ఇంట్లో అది "నాయన కొట్టు", వచ్చే పల్లెల వాళ్లకు "గుమాస్తా సామి కొట్టు". ఆ మాట షావుకారు చెవిన పడకుండా నాయన జాగ్రత్తపడేవాడు.

ఆ కొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కుల్లో ఉంది. గంజి పెట్టిన కొత్త గుడ్డ వాసన, పొద్దున్నే వెలిగించిన అగరొత్తుల వాసన, వాన రోజుల్లో జనం కాళ్లకు అంటుకొచ్చిన మట్టి వాసన. లోపల నేల మీద పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. చెప్పులు మెట్ల దగ్గర వదిలి వచ్చి అందరూ ఆ పరుపు మీదే కూర్చునేవాళ్లు. కుర్రాళ్లు తాను లాగి దుప్పటి మీద విసిరితే అది దొర్లుకుంటూ వచ్చి మనిషి మోకాలి దగ్గర ఆగేది. మీటరు కర్రతో కొలిచి, కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో సర్రున చించేవాళ్లు. ఆ చప్పుడు వినడానికే నేను బడి అయ్యాక కొట్టుకు పోయేదాన్ని. నాయన మూల బల్ల దగ్గర పద్దులు రాస్తూ, తల ఎత్తకుండానే "పలకా పుస్తకాలూ ఆడ పెట్టి కూర్చో" అనేవాడు.

కోతలైన నెలలో కొట్టు కిటకిటలాడేది. కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు దిగేవి. వడ్లు అమ్మిన డబ్బు పంచె కొంగున ముడి. ముందు పాత బాకీ కట్టి, తర్వాతే కొత్త బట్టలు చూసేవాళ్లు. ఆ వరస తప్పిన వాళ్లను నేను చూడలేదు. పంట పోయిన ఏడు మాత్రం వాళ్లు మెట్ల దగ్గరే ఆగిపోయేవాళ్లు, లోపలికి రావడానికి మొహమాటపడి. నాయన లేచి వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేవాడు. "బిడ్డ పెళ్లి ఆగుతుందా రెడ్డా, రా" అని వెంకటగిరి చీరలు తీయించేవాడు. జరీ అంచు వెంకటగిరి చీర తాహతుకు మించితే పాటూరు నేత చీర. పాటూరు కోవూరు పక్కనే కాబట్టి కొందరికి నేసిన మనిషి కూడా తెలిసే ఉండేవాడు. "ఇది ఫలానా ఇంటి మగ్గం మీద దిగిందే" అని చీర అంచు పట్టి చెప్పేవాళ్లు.

రాత్రి కొట్టు కట్టేసేది తొమ్మిది దాటాక. ఆదివారం మాత్రం సాయంత్రమే. ఆ ఆదివారాలే నా బాల్యం. నాయన చిటికెన వేలు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచేదాన్ని.

నాయనకు ఏ చోటునూ ఊరికే చూపించడం రాదు. పేరు చెప్పి, ఆ పేరు ఎందుకొచ్చిందో చెబితే గానీ అడుగు ముందుకు పడదు. స్టోన్‌హౌస్‌పేట ఒక దొర పేరని, దర్గా ఉన్న మిట్ట కాబట్టి దర్గామిట్ట అని, కోట ఉన్న మిట్ట కోటమిట్ట అని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఒకసారి పొగతోటలో నిలబడి "ఈడ తోటేదీ?" అని అడిగాను. అప్పటికే అక్కడ వీధి వీధంతా డాక్టర్లు. నాయన నవ్వి, "తోట పోయినా పేరు పోలేదమ్మా. మనుషులకన్నా పేర్లకు ఆయుష్షు ఎక్కువ" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పుడు తగులుతోంది. మద్రాసు పేరు చెన్నై అయింది 1996లో. మా ఊళ్లో మద్రాసు బస్టాండు మద్రాసు బస్టాండే. ఆత్మకూరు బస్టాండూ అంతే. చుట్టూ ఎన్ని కట్టినా, ఎన్ని కూల్చినా, "ఆత్మకూరు బస్టాండు కాడ బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినయ్యంట" అంటే వానాకాలం వచ్చిందని ఊరంతటికీ అర్థం. ఇక సినిమా హాళ్ల సంగతి చెప్పేదేముంది! కనకమహల్ సెంటర్, నర్తకి సెంటర్, విజయమహల్ గేటు. మా ఊళ్లో హాలు కడితే చాలు, ఆ చుట్టుపక్కల చిరునామా అంతా దాని పేరు మీదికి మారిపోతుంది. మా అమ్మ సినిమాకు పోయింది తక్కువే. కానీ ఏ దుకాణం ఎక్కడో చెప్పాలన్నా ఆమె నోట ముందు వచ్చేది హాలు పేరే.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైన పేరు గాంధీబొమ్మ. విగ్రహం అనరు. బొమ్మ. "గాంధీబొమ్మ కాడ ఉండా, రా" అంటారు, ఆయన కూడా అక్కడ మన కోసం ఎదురుచూస్తున్నట్టు. మా జేజి ఆ బొమ్మ ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక్క క్షణం ఆగేది. దండం పెట్టేది కాదు, ఊరికే తలెత్తి చూసేది. ఆమె పుట్టిల్లు పల్లిపాడు పక్కన చిన్న పల్లె. 1921 ఏప్రిల్‌లో పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహ ఆశ్రమం తెరవడానికి గాంధీ వచ్చినప్పుడు జేజికి తొమ్మిదేళ్లు. వాళ్ల నాయన భుజాల మీద కూర్చుని చూసిందట. "ఏం చెప్పాడు జేజీ?" అని అడిగితే, "ఏం చెప్పాడో వినపడలా. జనం. కానీ ఆయన చెవులు కనపడినయ్యి నాకు" అనేది. బొమ్మ ముందు ఆగి ఆమె చూసేది ఆ చెవులనేనని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు తనే చెప్పింది, "చెవులు సరిగ్గా చెయ్యలేదబ్బా" అని, మనసు నొచ్చుకుని.

నాయనకు ఆ రోడ్డు మీద వేరే మనిషి కనిపించేవాడు. పొట్టి శ్రీరాములు గారు. ఆంధ్ర రాష్ట్రం కోసం మద్రాసులో నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న ప్రాణం వదిలిన మహానుభావుడిగా ఆయన అందరికీ తెలుసు. 2008 నుంచి మా జిల్లా పేరు ముందు ఆయన పేరుంది. నాయనకు తెలిసిన శ్రీరాములు గారు వేరు. ఎర్రటి ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, హరిజనుల గురించి రాసిన అట్టలు ఒంటికి తగిలించుకుని వీధుల్లో నడిచే మనిషి. మా మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్షకు కూర్చున్న మనిషి. నాయన అప్పుడు పదిహేనేళ్ల లోపు పిల్లాడు. తోటి పిల్లలు ఆయన్ని పిచ్చోడని వెక్కిరిస్తూ వెంటపడుతుంటే నాయనా వాళ్లతో కలిసి పరిగెత్తాడట. ఆయన వెనక్కి తిరిగి కోప్పడలేదు. అట్ట మీద రాసింది ఒకసారి చదవమన్నట్టు ఆగి నిలబడ్డాడట. "అప్పటికి నాకు చదవడం వచ్చమ్మా. చదవకుండా పరిగెత్తినా" అనేవాడు నాయన. ఆ సంగతి నాకు కనీసం పదిసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ మాట దగ్గర గొంతు తగ్గేది. మండుటెండలో ఎవరైనా చెప్పుల్లేకుండా కొట్టు మెట్ల ముందు కనిపిస్తే చాలు, లోపలికి పిలిచి పరుపు మీద కూర్చోబెట్టకుండా వదిలేవాడు కాదు. ఆ మనిషి ఏ కులమని కొట్లో ఎవరూ అడగకూడదు. షావుకారుతో నాయన గొడవపడింది ఈ ఒక్క విషయంలోనే అని అమ్మ అంటుంది.

ఆదివారం నడక తిండి దగ్గర ముగిసేది. బండి మీద పులిబొంగరాలు, వాటి మీద కారంగా పచ్చడి. డబ్బులు కాస్త ఎక్కువుంటే మలైకాజా. ఎర్రకారం పూసిన దోశ తిని నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే నాయన తన మలైకాజాలో ముక్క విరిచి నా నోట్లో పెట్టేవాడు. మలైకాజా ఇప్పుడు హైదరాబాదులోనూ దొరుకుతుంది. నేను కొనను.

రొట్టెల పండగ రోజుల్లో రోడ్డు మాది కాకుండా పోయేది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గాకు ఎక్కడెక్కడి జనమో దిగేవాళ్లు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె మార్చుకునేవాళ్లు. అమ్మ ఒక ఏడు సంతానం రొట్టె తీసుకుందట, అన్న పుట్టాక వెళ్లి ఆ రొట్టె ఇచ్చి వచ్చిందట. నాకోసం ఏ రొట్టే తీసుకోలేదని తెలిసి నేను అలిగాను. "నువ్వు అడక్కుండానే వచ్చినావు గదే" అని నా తల నిమిరింది.

1984 నవంబరు తుఫానప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ రాత్రి నాయన ఇంటికి రాలేదు. మేం నలుగురం దేవుడి గూటి ముందు కూర్చుని తెల్లార్లూ గాలి చప్పుడు వింటూ ఉన్నాం. మర్నాడు మధ్యాహ్నం తడిసి ముద్దై వచ్చాడు. కొట్లోకి నీళ్లొస్తాయేమోనని, కింది అరల్లో తానులన్నీ ఒక్కడే పైఅరలకు ఎక్కించాడట. వేళ్లన్నీ గీసుకుపోయి ఉన్నాయి. అమ్మ పసుపు రాస్తూ తిట్టింది. ఆయన మాత్రం "పెళ్లిళ్ల సరుకే అంతా" అన్నాడు. ఎవరివో పెళ్లిళ్లు.

తర్వాత నేను డీకే కాలేజీలో డిగ్రీ చేశాను, టీచరు ట్రైనింగ్ అయ్యాను. 1992లో నెల్లూరులోనే ఒక చిన్న బడిలో పని. ఆ ఏడాది మా జిల్లా ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. అక్షరదీపం కింద రాత్రిబడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు, దూబగుంట రోశమ్మ లాంటి వాళ్లు. సారా వేలం జరగనివ్వమని పల్లెల నుంచి నెల్లూరుకు వచ్చి కూర్చున్నారు. చంకలో బిడ్డలు, చేతిలో చీపుర్లు, పాదాల నిండా దుమ్ము. నాయన కొట్టు ముందు బానలో నీళ్లు పోయించి, నన్ను బడి నుంచి పిలిపించి ముంచి ఇవ్వమన్నాడు. ఒక ముసలామె నీళ్లు తాగి, కొట్టు మీది బోర్డు వైపు చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. మేం ఎవరం పలకని ఆ కొట్టు పేరు ఆమె మొత్తం చదివింది. నాయన రెండు చేతులూ జోడించాడు. పోయిన కాలంలో తను చదవకుండా పరిగెత్తిన అట్ట గుర్తొచ్చిందేమో. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. మరుసటి ఏడు అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది.

కొట్టు ఎక్కువ కాలం నిలవలేదు. షావుకారు కాలం చేశాక పిల్లలు పంచుకున్నారు. ఒక సంక్రాంతి అమ్మకాలు అయ్యాక నాయనను పిలిచి చెప్పారు. ముప్పై ఏడేళ్ల పద్దులకు చేతిలో పెట్టింది రెండు నెలల జీతం, ఒక పంచెల చాపు. ఆ రోజు నాయన ఇంటికి నడిచి వచ్చి, చేతిలోని పంచెల చాపును మంచం మీద పెట్టి, "గుడ్డ మంచిదే" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట తల్చుకుంటే నాకు కడుపులో మెలిపెట్టినట్టవుతుంది. ఆ తర్వాత ఆయన ఉన్న పదకొండేళ్లూ ఆదివారం ఆదివారం రోడ్డు మీదికి వెళ్లేవాడు. కొట్టు ముందు మాత్రం పోయేవాడు కాదు. గాంధీబొమ్మ దాకా వెళ్లి వెనక్కి తిరిగేవాడు.

ఒకటి చెప్పడం మరిచిపోయాను. కొట్టు మెట్ల పక్కన ఒక పూలామె కూర్చునేది. మల్లెల కాలంలో ఆమె గంపలో తడిగుడ్డ తీస్తే కొట్టు లోపల దాకా వాసన. నాయన కొట్టు కట్టేశాక రోజూ అమ్మకు రెండు మూరలు కొనేవాడు. ఆమెది పొట్టి చెయ్యి. "నీ మూర వద్దమ్మా, నా మూరతో కొలువు" అని నాయన చెయ్యి చాపేవాడు. ఆమె ఒప్పుకునేది కాదు. "కట్టింది నా చెయ్యి గదా సామీ, కొలిచేది గూడా నా చెయ్యే" అనేది. రోజూ ఇదే మాట, రోజూ ఇద్దరూ నవ్వడం. ఆమె లెక్కలో రెండు మూరలంటే, ఇంటికొచ్చాక అమ్మ చేతికి మూరన్నర.

ఆటో గాంధీబొమ్మ దాటింది. మేనకోడలు పక్కనుంచి బోర్డులు చదువుతోంది. సెల్ ఫోన్ల షాపు, బంగారం షాపు, మళ్లీ సెల్ ఫోన్లు, బిర్యానీ. అమ్మ ఏమీ వినడం లేదు. కళ్లు చికిలించి బయటికి చూస్తూ, ఒకచోట "ఆపు నాయనా, ఈడే" అంది. కళ్లు కనపడకుండా ఎలా పట్టుకుందో నాకు తెలియదు. అదే చోటు. రెండంతస్తుల అద్దాల షాపు. పాత మెట్లు లేవు. పరుపు లేదు. మూల బల్ల ఉండాల్సిన చోట పిల్లలెవరో ఫోన్లు తిప్పి చూసుకుంటున్నారు.

షాపు గోడ పక్కన, చిన్న గొడుగు కింద, గంప ముందు పెట్టుకుని ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. అప్పుడే ఒకడు స్కూటరు ఆపి ఫోన్‌లో ఎవరికో చెబుతున్నాడు: "ఆఁ, బట్టల కొట్టు పూలామె కాడే ఉండా. నువ్వొచ్చెయ్."

నేను ఆగిపోయాను. ఆమెను అడిగాను, ఈడ బట్టల కొట్టు ఎక్కడుందమ్మా అని.

"నాకూ తెలవదమ్మా. మా అత్త కూర్చునే చోటు ఇది. అప్పట్లో ఈడ బట్టల కొట్టు ఉండిందంట. అందరూ అట్టనే పిలుస్తారు" అంది.

అమ్మ నా చెయ్యి వదిలి ముందుకొచ్చింది. మసక కళ్లతోనే గంప వైపు వంగి, వాసన పీల్చి, కుడి చెయ్యి చాపింది. "రెండు మూరలు ఇయ్యి. నా మూరతో కొలవాల."

ఆమె దండ తీసి తన మోచేతికి ఆనించుకుంటూ నవ్వింది.

"కట్టింది నా చెయ్యి గదమ్మా."